నలభై నాలుగు రూపాయల రికార్డు

జయశ్రీగారికి ఉత్తపుణ్యానికి వచ్చే పాట మీద నమ్మకం లేదు. అశోక్‌నగర్‌లో ఆమె ఇంటి పై వాటాలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలు నలుగురు కిరాయికి ఉంటారు. వాళ్ళ ఫోన్లలో పాటలకు పొద్దూ మాపూ లేదు. పోనీ పూర్తిగా వింటారా అంటే అదీ లేదు. పల్లవి అయ్యీ అవకముందే వేలు పెట్టి ఇంకో పాటకు మారుస్తారు. విస్తట్లో వడ్డించిన ప్రతి కూరా నాలుకకు రాసుకుని వదిలేసే పిల్లల్లా ఉన్నారని ఆమె సణుక్కుంటుంది. డెబ్బై రెండేళ్ళ మనిషి, పైగా ఇల్లు ఆమెది, సణుక్కుంటే అడిగేవాళ్ళెవరు?

అలాగని ఆమెకు పాటంటే గిట్టదనుకుంటే పొరపాటే. ఒకప్పుడు ఆమె జీతంలోంచి పాలకూ, బియ్యానికీ, అత్తగారి మందులకూ తీసి పక్కన పెట్టాక, మిగిలినదాంట్లో మొదటి ఖర్చు పాటదే. చీర తరవాత.

మొన్న ఒక ఆదివారం ఆ నలుగురిలో శ్రీదివ్య అనే అమ్మాయి పుస్తకం పట్టుకుని కిందికి దిగింది. సిద్దిపేట వైపు పిల్ల, నెమ్మదస్తురాలు. ధరల పెరుగుదల గురించిన పాఠం చదువుతోందట, ఆంటీ కాలంలో ఏది ఎంతకు దొరికేదో చెబితే గుర్తుంటుందని అడిగింది. బియ్యం, బంగారం ధరలు చెబుతుందని ఆ పిల్ల పెన్ను మూత తీసి కూర్చుంటే, జయశ్రీగారి నోటి నుంచి మొట్టమొదట వచ్చింది గ్రామఫోన్ రికార్డు ధర. పెద్ద రికార్డు నలభై నాలుగు రూపాయలు, నాలుగు పాటలుండే చిన్న రికార్డు పధ్నాలుగు.

శ్రీదివ్య ఫక్కున నవ్వింది. ఆ డబ్బుకు ఇప్పుడు లైబ్రరీ ముందు బండి మీద మసాలా దోసె కూడా రాదంది. జయశ్రీగారికి ఒళ్ళు మండింది. అప్పట్లో తన జీతం మూడు వందల యాభై అనీ, సన్నబియ్యం కిలో మూడు రూపాయలు కూడా లేవనీ, ఇప్పుడు లెక్క వేసుకొమ్మనీ అంది. పిల్ల వేసింది. జీతంలో ఎనిమిదో వంతు. రికార్డుకు రెండు వైపులా కలిపి పన్నెండు పాటలని తెలిసేసరికి దాని కళ్ళు పెద్దవయ్యాయి. మరి ఎలా కొనేవాళ్ళని అడిగింది.

"చిట్టీ వేసుకున్నం," అంది జయశ్రీగారు. "పాటల చిట్టీ."

హైదరాబాదులో చిట్టీ వేయని ఆడది లేదు. గిన్నెల చిట్టీ, చీరల చిట్టీ, బంగారం చిట్టీ అందరికీ తెలుసు. పాటల చిట్టీ మాత్రం బషీర్‌బాగ్‌లోని ఆ ఒక్క సర్కారు ఆఫీసు టైపు సెక్షన్‌లోనే పుట్టింది, అక్కడే పోయింది. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది మాట. పుట్టించింది యశోదమ్మ. జయశ్రీ కంటే ఆరేళ్ళు పెద్ద, సీనియర్ టైపిస్టు, చిక్కడపల్లిలో సొంత పాత ఇల్లు. మాట తక్కువ మనిషి, కానీ ఆ తక్కువ మాటలకే సూపరింటెండెంటు కూడా ఫైలు సర్దుకునేవాడు. రెండో సభ్యురాలు నారాయణగూడ నవనీత, ఆ తక్కువైన మాటలన్నీ తానే మాట్లాడేసేది. మూడో మనిషి జయశ్రీ. నాలుగోది కురుమమ్మ, ఫైళ్ళు మోసే అటెండరు.

నలభై నాలుగు భాగించు నాలుగు, పదకొండు. జీతం రోజున తలా పదకొండు రూపాయలు. కురుమమ్మ జీతం అందరికంటే తక్కువ. పైగా ఆమె ఇంట్లో రికార్డు ప్లేయరే లేదు, యశోదమ్మ ఇంటికి వచ్చి గడప దగ్గర కూర్చుని వినేది. అందుకని ఆమెను ఏడు రూపాయలే ఇమ్మన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "పదకొండంటే పదకొండే. నాకు గూడ రెండు చెవులే ఉన్నయి గద," అంది. ఆ మాట ఇప్పటికీ చెబుతూ జయశ్రీగారు నవ్వుతుంది.

నవనీత టిఫిన్ డబ్బాలో చీటీలు వేసి తీసేవాళ్ళు. ఎవరి పేరొస్తే ఆ నెల రికార్డు ఎంచుకునే హక్కు ఆమెది. సాయంత్రం ఆఫీసు వదలగానే నలుగురూ నడుచుకుంటూ సుల్తాన్ బజార్‌కు పోయేవాళ్ళు. అక్కడ రికార్డుల కొట్టాయన కొనే ముందు ఒక వైపు మాత్రం వినిపించేవాడు, రెండో వైపు ఇంటికి పోయి వినుకోవాల్సిందే. వీళ్ళు నలుగురూ మెట్లెక్కగానే కమిటీ వచ్చిందిరా, ఫ్యాను వెయ్యండని కేకేసేవాడట. కమిటీ ఒక రికార్డు కొనడానికి రెండు గంటలు తీసుకునేది, మరి ఫ్యాను వేయక తప్పుతుందా. కొన్న రికార్డు మొదట పేరొచ్చినామె ఇంటికి, ఆ తరువాత వారానికో ఇంటికి తిరిగి, నెలాఖరుకు ఆమె దగ్గరే ఉండిపోయేది. నియమాలు యశోదమ్మవి. ఐదో మనిషి చేతికి ఇవ్వకూడదు. గీతల మీద వేలు పెట్టకూడదు. మొగుడికి సూది ముట్టుకునే అధికారం లేదు.

శ్రీదివ్య పాఠం మర్చిపోయి వింటోంది. వారం రోజులకు ఒకే రికార్డంటే అది ఎన్నిసార్లు వినేవారో అని అడిగింది. జయశ్రీగారు చెప్పింది: వారంలో పద్దెనిమిది, ఇరవై సార్లు. ఫలానా చరణం ముందు గాయని ఎక్కడ ఊపిరి పీల్చిందో కూడా వాళ్ళకు తెలుసు. పొద్దున టైపు మిషన్ల ముందు కూర్చుని నలుగురూ ఆ ఊపిరి గురించి వాదించుకునేవాళ్ళు. ఆ రోజులు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ గుండె నిండుతుంది. మధ్యాహ్నం డబ్బాలు విప్పితే యశోదమ్మ తెచ్చిన సర్వపిండిలో పెద్ద ముక్క జయశ్రీదే.

"మరి ఎందుకు బందయింది ఆంటీ, అంత మంచి చిట్టీ?" అంది పిల్ల.

"క్యాసెట్లు వచ్చినయి గద," అంది జయశ్రీగారు.

అది పచ్చి అబద్ధం. క్యాసెట్లు ఆ ఇంటికి వచ్చింది నాలుగేళ్ళ తరువాత. శ్రీదివ్య ఔనా అని తలూపి, బియ్యం ధర కూడా రాసుకుని పైకి పోయింది. జయశ్రీగారు మాత్రం ఆ కుర్చీలోంచి లేవలేదు. ఎవరూ అడగనంత కాలం చెప్పకపోవడం వేరు, అడిగితే అబద్ధమాడడం వేరు. ఇన్నేళ్ళలో మొదటిది చేసింది గానీ రెండోది ఎన్నడూ చేయలేదు.

అసలు జరిగింది ఇది. జయశ్రీ అత్తవారిల్లు మడీ ఆచారమూ గల ఇల్లు. అత్తగారు మనిషి మంచిదే, ఎవరొచ్చినా బిడ్డా అని పలకరించేది, చాయ పెట్టించేది. కానీ వంటింటి గడప దగ్గర ఆమెకొక గీత ఉండేది. ఏది ఎవరింటి నుంచి వచ్చినా పసుపు నీళ్ళు పడనిదే లోపలికి రాదు. యశోదమ్మ ఇంట్లో ఆదివారమైతే మాంసం వండుతారు. ఆఫీసులో ఆ ఇంటి సర్వపిండి లొట్టలేసుకుంటూ తినే జయశ్రీ, ఇంట్లో అత్తగారి గీతకు ఇవతలే బుద్ధిగా నడిచేది. ఆఫీసుకొక జయశ్రీ, ఇంటికొక జయశ్రీ. రెండు పాత్రలూ బాగానే పోషించింది.

మూడో విడతలో ఆమె పేరు వచ్చింది. ఎన్నాళ్ళుగానో కన్నేసి ఉంచిన పాత సినిమా పాటల రికార్డు ఎంచుకుంది. అది అన్ని ఇళ్ళూ తిరిగి, చివరి వారం యశోదమ్మ ఇంట్లో ఉండి, మే నెలలో ఒక శనివారం సాయంత్రం తిరిగొచ్చింది. యశోదమ్మే స్వయంగా తెచ్చి ఇచ్చింది, ఎప్పటి శనివారంలాగే చాయ తాగి పోయింది. మర్నాడు తెల్లవారుతూనే జయశ్రీ, భర్త ఫణీంద్ర ఒక పెళ్ళికి పోయారు. సోమవారం సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, చీర కూడా మార్చుకోకుండా రికార్డు బయటికి తీసింది. అది వంకర పోయి ఉంది. ప్లేయర్ మీద పెడితే పడవలా ఊగింది, సూది ఒక చోట నిలవకుండా ఎగిరి కింద పడింది.

ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపం వచ్చింది. మంగళవారం ఆ రికార్డును ఆఫీసుకు మోసుకుపోయి, యశోదమ్మ టైపు మిషన్ పక్కన పెట్టింది. శనివారం మధ్యాహ్నం కూడా విన్నామనీ, అప్పుడు బాగానే ఉందనీ యశోదమ్మ చెప్పింది. అక్కడితో ఆగినా బాగుండేది. జయశ్రీ ఆగలేదు.

"వస్తువు విలువ తెలవనోళ్ళ ఇంటికి పంపితే గిట్లనే అయితది," అంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట పృథివి దాటనక్కర లేకపోయింది, నాలుగు బల్లలు దాటింది, చాలు. టైపు మిషన్ల చప్పుడు ఆగిపోయింది. కురుమమ్మ చేతిలో ఫైళ్ళతో తలుపు దగ్గరే నిలబడిపోయింది. విలువ తెలుసు గనకే ఆ చిట్టీ పుట్టించిన మనిషి యశోదమ్మ.  మర్నాడు నలభై నాలుగు రూపాయలు తెచ్చి జయశ్రీ బల్ల మీద పెట్టింది, చిట్టీలోంచి తప్పుకుంటున్నానని నవనీతతో చెప్పింది. పది రోజుల్లో వేరే సెక్షన్‌కు బదిలీ రాయించుకుని పోయింది.

ఆ డబ్బుతో జయశ్రీ అదే రికార్డు మళ్ళీ కొంది. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టింది. అత్తగారు దాన్ని చూసి, ఇది కొట్టు నుంచి నేరుగా వచ్చిందా, ఎవరింటి నుంచైనా వచ్చిందా అని అడిగింది. ఎందుకని అడిగితే ఏ దాపరికమూ లేకుండా చెప్పేసింది. ఎప్పుడూ అట్ట మీద నాలుగు పసుపు చుక్కలు చల్లి ఊరుకునేదట. ఆ ఆదివారం మాత్రం, వారంలో ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఉంది కదా అని, అట్టలోంచి రికార్డు తీసి శుభ్రంగా పసుపు నీళ్ళలో కడిగి, దాబా మీద వడియాల పక్కన ఎండబెట్టిందట. ఆ పళ్ళెం అప్పడంలా లేచిందట. తుడిచి మళ్ళీ అట్టలో పెట్టేసిందట. కోడలికి కోపమొస్తుందని చెప్పలేదట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

జయశ్రీ ఆ రాత్రంతా ఒక వాక్యం కూర్చుకుంది. రికార్డు మీ ఇంట్లో పాడు కాలేదు, అని మొదలుపెట్టాలి. మరి ఎక్కడ పాడయింది అంటే మా ఇంట్లో. ఎలా అంటే కడిగాం. ఎందుకు కడిగారు అంటే? అక్కడే ఆగిపోయేది. మీ ఇంటి నుంచి వచ్చిందని కడిగాం. చేయని తప్పు మోపడం ఒక అవమానమైతే, ఈ నిజం చెప్పడం అంతకు పదింతల అవమానం. మర్నాడు యశోదమ్మను వెతుక్కుంటూ కొత్త సెక్షన్ దాకా పోయింది. ఆమె తలెత్తి చూసింది. జయశ్రీ ఏదో ఫైలు నంబరు అడిగి వెనక్కి వచ్చేసింది.

ఆ తరువాత నలభై ఆరేళ్ళు తేలు కుట్టిన దొంగలా బతికింది. తేలు కుట్టిన నొప్పి ఒక్క రోజే కదా అనుకునేవాళ్ళు జయశ్రీగారిని చూడాలి.

ఈ నలభై ఆరేళ్ళలో పాట ధర ఎలా పడిపోయిందో ఆమె ప్రతి మెట్టూ చెప్పగలదు. ఫణీంద్ర టేప్‌రికార్డరు తెచ్చిన ఏడాది క్యాసెట్ పద్దెనిమిది రూపాయలు. చిక్కడపల్లి చౌరస్తాలో ఒక కొట్టాయన, మనం కాగితం మీద రాసిచ్చిన పాటలన్నీ ఖాళీ క్యాసెట్‌లో నింపి మూడు రోజులకు ఇచ్చేవాడు. తరువాత తళతళలాడే సీడీలు వచ్చాయి. ఒక్కటి నాలుగు వందలంటే ముట్టుకోవడానికే భయమేసింది. ఇంకొన్నేళ్ళకు అవే కోఠి ఫుట్‌పాత్ మీద ముప్పై రూపాయలకు వంద పాటలతో గుట్టలు పోశారు. ఆపైన గోరంత చిప్పులో ఇరవై రూపాయలకు ఐదు వందల పాటలు నింపే రోజులొచ్చాయి. ఇప్పుడు అసలు ధరే లేదు. పాట చవకైన ప్రతిసారీ ఆ నలభై నాలుగు రూపాయలు ఆమె మనసులో బరువెక్కుతూ వచ్చాయి. రెండోసారి కొన్న రికార్డును ఆమె పట్టుమని పదిసార్లు వినలేదు.

యశోదమ్మ ఎక్కడో దూరాన లేదు, అదీ అసలు బాధ. చిక్కడపల్లికీ అశోక్‌నగర్‌కూ నడిస్తే పది నిమిషాలు. మార్కెట్లో ఆమె టమాటాల దగ్గరుంటే ఈమె ఆకుకూరల వైపు తిరిగేది. కురుమమ్మ బతికున్నన్నాళ్ళు ఇద్దరిళ్ళకూ తిరిగి, ఇటు ముచ్చట అటు చెప్పేది, అటుది ఇటు. ఆమె పోయినప్పుడు ఇద్దరూ వెళ్ళారు, ఒకరు వాకిట్లో ఒకరు పెరట్లో కూర్చుని ఏడ్చి వచ్చారు. అత్తగారు పోయింది, ఫణీంద్ర పోయాడు. నిజం తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే తగ్గి, చివరికి జయశ్రీగారు ఒక్కతే మిగిలింది.

శ్రీదివ్యతో అబద్ధమాడిన మర్నాడే నవనీత ఫోను చేసింది. యశోదమ్మ ఇల్లు బిల్డరుకు ఇచ్చారట, కూలగొట్టి అపార్ట్‌మెంట్ కడతారట. మూడేళ్ళు పడుతుందట. అప్పటిదాకా కరీంనగర్‌లో కూతురి దగ్గర ఉంటుందట, గురువారం ప్రయాణం. మంగళవారం సాయంత్రం నవనీత ఇంటికి చాయకు వస్తోందట. నవనీతకు ఈ డెబ్బై ఒకటో ఏట కూడా మాటలకు కొదవ లేదు గానీ, ఈసారి మాత్రం ముక్తసరిగా అంది: వస్తే రా, లేకుంటే మానుకో, మళ్ళీ నన్ను అనొద్దు.

యశోదమ్మ డెబ్బై ఎనిమిదేళ్ళకు మూడు కలిపితే ఎంతో జయశ్రీగారికి ఎవరూ చెప్పనక్కరలేదు. మంగళవారం దాటితే ఇక ఈ జన్మకు చెప్పడం ఉండదు. చెబితే ఆ మనిషి లేచి వెళ్ళిపోవచ్చు. చెప్పకపోతే ఆ మనిషి, విలువ తెలియని ఇల్లన్న మాట మోసుకునే కరీంనగర్ పోతుంది.

శ్రీదివ్యను పిలిచి, అప్పటి నలభై నాలుగు రూపాయలు ఇప్పటి లెక్కన ఎంతవుతాయో కట్టమంది. పిల్ల సంబరంగా పుస్తకంలోని పట్టికలు తిరగేసి పదకొండు వందల చిల్లర తేల్చింది. జయశ్రీగారు నోట్లు తీసి కవరు కోసం వెతికితే, ఇంట్లో ఉన్నవన్నీ రూపాయి బిళ్ళ అంటించిన పెళ్ళి కవర్లే. పోనీలే అని అందులోనే పెట్టింది. ఆమె లెక్క ఏమిటంటే, డబ్బు తిరిగి చేతిలో పెడితే మాట సగం తేలికవుతుందని. ఎనిమిదో వంతు జీతం పోసి పాట కొన్న తరం కదా, దేనికైనా ఒక ధర ఉంటుందనుకుంటారు.

నారాయణగూడలో నవనీత ఫ్లాటు మూడో అంతస్తు. జయశ్రీగారు పోయేసరికి యశోదమ్మ అప్పటికే సోఫాలో కూర్చుని ఉంది. జుట్టు ముగ్గుబుట్టయింది, పక్కన చేతికర్ర. టీవీలో నవనీత పాత పాటలు పెట్టింది, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. యశోదమ్మ రా, కూసో అంది, అంతే. మోకాళ్ళ గురించీ కరీంనగర్ ఎండల గురించీ నవనీతే మాట్లాడింది. చాయ తెచ్చి ముందు పెట్టింది.

జయశ్రీగారు టీవీ ఆపమంది. సంచిలోంచి కవరు తీసి యశోదమ్మ ముందు పెట్టింది.

"ఎవరి పెండ్లి?" అంది యశోదమ్మ.

"పెండ్లి కాదు యశోదక్కా. నీ నలభై నాలుగు రూపాయలు. ఇప్పటి ధరకు కట్టి తెచ్చిన."

యశోదమ్మ ముఖం బిగుసుకుంది. రికార్డు పాడు చేసిన ఇల్లు తమది కదా, మరి డబ్బు వాపసు ఎందుకని అడిగింది. గొంతులో నలభై ఆరేళ్ళ కిందటి మంగళవారం అలాగే ఉంది. జయశ్రీగారు కళ్ళు దించుకుని, ఆనాడు కూర్చుకున్న వాక్యం ఎక్కడా మింగకుండా చెప్పింది. రికార్డు మీ ఇంట్లో పాడు కాలేదు, మీ ఇంటి నుంచి వచ్చిందని మా అత్తమ్మ పసుపు నీళ్ళతో కడిగి ఎండబెడితే పాడయింది, ఆ సంగతి నాకు పది రోజులకే తెలిసింది, తెలిసీ నీకు చెప్పలేదు.

నవనీత నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఆమె నోట మాట రాకపోవడం జయశ్రీగారు చూడడం అదే మొదలు.

యశోదమ్మ కవరు మీది రూపాయి బిళ్ళను చూసింది. పసుపు నీళ్ళలోనా అని మెల్లగా అడిగింది. ఔనంది జయశ్రీగారు. ఎండలోనా, ఎక్కడ? దాబా మీద, వడియాల పక్కన. యశోదమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని జయశ్రీగారు భయపడింది, కానీ అది నవ్వు. అప్పడంలా లేచిన రికార్డు తలుచుకుని ఆమె నవ్వుతూనే ఉంది, నవ్వీ నవ్వీ కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. నవనీతా నవ్వింది. జయశ్రీగారికి ఒక్కసారిగా ఒళ్ళు తేలికైంది. ఇంతేనా, ఇంతదానికా ఇన్నేళ్ళు అనిపించింది.

అప్పుడు యశోదమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని అడిగింది. "మరి నేను మీ ఇంట్ల చాయ తాగిన గ్లాసు?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అత్తగారి మీద పెట్టేయడం ఎంత సులువో జయశ్రీగారికి తెలుసు. పోయినవాళ్ళు వచ్చి కాదనరు. సగం నాలుక మీదికి వచ్చింది కూడా.

"వేరే పెట్టేది," అంది. "పెరట్ల, నల్లా పక్కన గూట్లె."

"ఎవరు కడిగేటోళ్ళు?"

"నేనే కడిగేదాన్ని యశోదక్కా. అత్తమ్మ చెప్పేది, నేను కడిగేదాన్ని."

యశోదమ్మ తలూపింది. కోపం కనిపించలేదు, ఆశ్చర్యమూ కనిపించలేదు.

"గ్లాసు సంగతి నాకెరుకనే," అంది. "ఎప్పుడొచ్చినా గదే గ్లాసు. అంచుకు సొట్ట ఉండె. రికార్డు సంగతే ఎరుక లేకుండె."

 పసుపు నీళ్ళ సంగతి చెబితే యశోదమ్మ గుండె పగులుతుందని జయశ్రీగారు ఇన్నేళ్ళు దాచింది. ఆ మనిషి అంతకంటే పెద్దది తెలిసీ, శనివారం శనివారం ఆ గుమ్మం ఎక్కి, ఆ సొట్ట గ్లాసులోనే తాగి, నవ్వుతూ పోయిందన్నమాట. తెలిసీ ఎందుకు వచ్చావని అడిగింది. అడగడానికి సిగ్గేసింది గానీ అడిగింది.

"నువ్వుంటివి గద," అంది యశోదమ్మ.

కవరును వేలితో పక్కకు జరిపింది. తన కప్పు అందుకుని చాయ తాగింది, తొందరేమీ లేకుండా, సగం దాకా. అక్కడ ఆపి, ఆ కప్పు జయశ్రీగారి ముందు పెట్టింది. తాగు, అంది. జయశ్రీగారి కప్పు నిండుగా పక్కనే ఉంది, దాని వంక ఎవరూ చూడలేదు. డెబ్బై రెండేళ్ళలో ఆమె ఒకరి ఎంగిలి తాగి ఎరగదు.  రెండు చేతులతో కప్పు పట్టుకుని అడుగున చక్కెర నాలుకకు తగిలేదాకా తాగింది. తాగుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు.

యశోదమ్మ కర్ర ఊతంగా లేచి ఖాళీ కప్పు తీసుకుంది. జయశ్రీగారు గబగబా లేచి దాన్ని అందుకోబోయింది.

"ఉండనియ్యి. ఈసారి నేను కడుగుత," అంది యశోదమ్మ. "కడిగేటప్పుడు నీకు ఎట్ల అనిపించేదో నాకు గూడ తెల్వాలె."

నవనీత వద్దని అడ్డం పడబోయి ఆగిపోయింది. యశోదమ్మ కర్ర టకటకలాడించుకుంటూ వంటింట్లోకి పోయింది. జయశ్రీగారు వెనకాలే పోయి గడప దగ్గర నిలబడింది. యశోదమ్మ నల్లా తిప్పింది, ఆ కప్పును లోపలా బయటా సబ్బుతో తోమింది, రెండుసార్లు నీళ్ళు పోసి కడిగింది. చేయి చాపి, బల్ల మీద ఆరుతున్న నవనీత కప్పుల మధ్యన బోర్లించింది.